పచ్చరంగు వేసిన మూల

నంద్యాల,
జనవరి 22, 2024.

శాంసన్‌కు,

ప్రభువు పేరట వందనాలు. అక్క చివరిరోజు ఎట్లా గడిచిందో రాయమని అడిగావు. నీకు చెవులు సరిగా వినబడవు. ఇవి ఫోన్‌లో అరిచి చెప్పే మాటలు కావు. అందుకే రాస్తున్నాను.

ఆ రోజు తెల్లవారేసరికి ప్రమీల మెలకువగానే ఉంది. నర్సు వచ్చి ఒళ్ళు తుడిచి వెళ్ళింది. తల దువ్వమని నన్ను అడిగింది. పాపిడి తీయడం నాకు రాలేదు. "అన్నేండ్లు కాలేజీలో లెక్కలు చెప్పినావు, ఒక్క గీత సక్కగా గీయలేవా" అంది. పక్కమంచం ఆమె కూడా నవ్వింది.

గంజి రెండు చెంచాలు తాగింది. బైబిలు తీసి ఏ కీర్తన చదవమంటావని అడిగాను. "యాదన్నా పొట్టిది చదువు" అంది. నూట పదిహేడో కీర్తన చదివాను. రెండే వచనాలు. "ఇంకొకసారి చదువు" అంది. చదివాను.

మధ్యాహ్నం మంచాన్ని కిటికీ వైపు తిప్పించాను. కిటికీకి ఎదురుగా పక్క బిల్డింగు గోడ, నీళ్ళ పైపు. "ఈ గోడ చూసి చూసి కండ్లు మండుతాండాయి. ఇంటికి పోదాం పా. ఆడైతే కిటికీ తెరిస్తే పచ్చగా ఏమన్నా కనపడ్తాది" అంది. మా ఇంటి కిటికీలోంచి కనబడేది కూడా గోడే. ఏ ఇంటి గురించి అంటోందో నేను అడగలేదు. రేపు పోదాంలే, కిటికీ నేనే తెరుస్తాను అన్నాను.

సాయంత్రం డాక్టరు ఒక ఇంజెక్షన్ రాసిచ్చాడు. కిందికి వెళ్ళి తెచ్చేసరికి అయిపోయింది. ఇంజెక్షన్ నా చేతిలోనే ఉండిపోయింది. మరునాడు మందులషాపు అతను దాన్ని వాపసు తీసుకున్నాడు.

అంతే. దాచింది ఏమీ లేదు.

ఇక్కడి శ్మశానంలో కొత్తవాళ్ళకు చోటు లేదన్నప్పుడు నాకు ఏమీ తోచలేదు. "మా చేను ఉండంగా మా అక్కను ఇంకొకరి గుంతలో పెడ్తావా బావా" అని నువ్వు అన్నావు. ఆ మాట మరచిపోను. శనగపైరు పీకి ఆమెకు చోటిచ్చావు. మాకు పిల్లలు లేరు. ఆ పని నువ్వు కాక ఎవరు చేస్తారు.

రెబెకాకు చెప్పు, ఆమె పంపిన నిమ్మకాయ ఊరగాయ అందింది.

ఎడ్విన్

ఆళ్ళగడ్డ,
ఫిబ్రవరి 11.

బావకు శాంసన్, రెబెకా వందనాలు.

నీ జాబు రెబెకా చదివి ఇనిపించింది. మధ్యలో చదవలేక నాకే ఇచ్చేసింది. పాపిడి మాట చదివి నవ్వినా, నవ్వి ఏడ్సినా. చిన్నప్పుడు నా తల అక్కే దువ్వేది. దువ్వెనతోనే నెత్తిన కొట్టేది.

శనగ కోసేసినాం. అక్క చుట్టూతా మాత్రం నాలుగు సాళ్ళు కోయకుండా ఇడ్సిపెట్టినా. పిట్టలు తింటాండాయి.

ఇంకొక సంగతి. చాగలమర్రి రోడ్డులో గోల్ఫు కంపెనీ వాళ్ళు మా చేను గట్టు దాకా వచ్చేసినారు. ఆ పక్క ఇండ్లు ఒక వరస కట్టేసినారు గూడా. ఏజెంటు ముస్తఫా అని, నీ దగ్గర చదువుకున్యాడంట. మా చేను అడిగేదానికి వచ్చినాడు. ఆట ఎట్లుంటాదప్పా అంటే, ఇంత బంతిని కట్టెతో కొట్టి గుంతలో ఏసేదంట. "గోలీలాటే గదరా, దానికి ఇంత నేల ఎందుకు?" అంటి. "పెద్దోళ్ళు నడవాల గదన్నా, ఆరోగ్యానికి" అన్యాడు. "మేము పుట్టినకాడ్నుంచి నడుస్తానే ఉండాం, మాకెవురూ విల్లాలు కట్టియ్యలేదే" అంటి. వానికి నవ్వాల్నో వద్దో తెలీలేదు.

చుట్టుపక్కల అందరూ ఇచ్చేసినారు. చేన్లోకి బండి పోయే దావ గూడా లేదిప్పుడు. బోరు ఎండిపోయి మూడో ఏడు. ఇయ్యక తప్పదేమో బావా. అక్క జాగా గురించి అడిగినా. సిమెంటు సమాధి కట్టి ఉంటే దాన్ని ముట్టరంట. వట్టి మట్టి దిబ్బయితే వాళ్ళ లెక్కలోకి రాదంట. నువ్వు ఊ అంటే రేపే మేస్త్రీని పిలుస్తా. తొందరగా రాయి.

నీ బామ్మర్ది
శాంసన్

నంద్యాల,
ఫిబ్రవరి 20.

శాంసన్‌కు,

వందనాలు. ఇప్పుడు కట్టొద్దు.

అది నల్లరేగడి. ఒక వానాకాలం తాగి, ఒక ఎండాకాలం పగలకుండా అది కుదురుకోదు. సంవత్సరం తిరగకుండా సమాధి కట్టకూడదని మన పెద్దలు ఊరికే అనలేదు. మీ నాయన సమాధి తొందరపడి ఆరు నెలలకే కట్టించాం. నిలువునా పగిలింది. ప్రమీల అక్కడికి వెళ్ళినప్పుడల్లా ఆ పగులులో చెయ్యి పెట్టి చూసేది. ఈమెకు అట్లా కాకూడదు.

జనవరిలో సంవత్సరం ప్రార్థన రోజున కట్టిద్దాం. చేను అమ్ముకో. నీ కష్టం నాకు తెలుసు. ఆ మూలను మాత్రం అంతవరకు ముట్టకూడదని మాట తీసుకో.

ముస్తఫా నా దగ్గరికీ వచ్చాడు. క్లాసులో వెనకబెంచీలో కూర్చునేవాడు. మర్యాదస్తుడు. రంగుల ప్లాను పరిచి చూపించాడు. మీ చేను మొత్తానికి పచ్చరంగు వేసి ఉంది. పచ్చరంగు ఉన్నచోట ఇళ్ళు రావు, రోడ్డు రాదు, ఎప్పటికీ గడ్డే ఉంటుంది సార్ అన్నాడు. ఆమె ఉన్న మూల ఎక్కడో వేలు పెట్టి చూపించమన్నాను. చూపించాడు. ప్లాను నా దగ్గరే ఉంచుకున్నాను.

కొళాయి కారుతోంది. బాగుచేసేవాడు రావడం లేదు. రాత్రంతా ఆ చప్పుడు వింటున్నాను.

ఎడ్విన్

ఆళ్ళగడ్డ,
మే 9.

బావా,

ఏందీ నేను ఇంటాండేది? నంద్యాల ఇల్లు అమ్మేసినావంట. గోల్ఫు కాడ విల్లా కొన్నావంట. చర్చిలో జెస్సికమ్మ నలుగుర్లో రెబెకాను అడిగింది, "మీ అన్న గొప్పోడైపోయినాడే, దొరల్లో కలిసిపోయినాడే" అని. మాకు తెలీదు బావా. తెలీదని చెప్పేదానికి రెబెకాకు సిగ్గయింది.

అది అక్క పెండ్లయి అడుగుపెట్టిన ఇల్లు. గచ్చు మీద ముగ్గు అచ్చులు గూడా చెరగలేదింకా. యాడాది నిండనీయవా? ఒక్క మనిషివి, నాలుగు రూములు ఏం చేసుకుంటావ్? కట్టె, బంతి గూడా కొనుక్కున్నావా? టోపీ పెట్టుకుంటావా? జనాలు ఇంకొక మాట గూడా అంటాండారు. అది రాసేదానికి నాకు చెయ్యి రాలేదు. రేపు ఆ ఇంట్లోకి ఎవురిని తెచ్చుకుంటావో నువ్వే చెప్పు.

నేను చేను ఇస్తానని ఒప్పుకున్నా. నీ మాదిరి సోకుకు కాదు, గతిలేక. ఆ మూల మాత్రం యాడాది దాకా తాకితే ఊరుకోనని అందరి ముందర చెప్పినా. ముస్తఫా సరేనన్యాడు. మా అక్క కాడ మేము కాపలా ఉంటాం. నువ్వు ఆడుకో.

శాంసన్

నంద్యాల,
మే 15.

శాంసన్‌కు,

ఇల్లు నా అవసరం కోసం కొన్నాను. ఏ ఇల్లు కొన్నానో, దాని వెనక కిటికీ ఎటు ఉందో చూస్తే ఎందుకు కొన్నానో నీకే తెలుస్తుంది. రాసి వివరించడం నా వల్ల కాదు.

ఇంకో మాట అనేవాళ్ళను అననీ.

మూల గురించి నువ్వు గట్టిగా నిలబడినందుకు సంతోషం.

ఎడ్విన్

ఆళ్ళగడ్డ,
అక్టోబరు 3.

బావకు,

ఎన్నాళ్ళకో రాస్తాండా. రాయకూడదనే అనుకున్యా. మనసు ఊరుకోలేదు.

ఆ పక్క మేకలు మేపే ఖాజా పోయిన వారం వచ్చి చెప్పినాడు. "మీ బావ ఇద్దరు కూలోళ్ళను తెచ్చి, పారలతో పని చేపిచ్చి, సిలువ పీకి వ్యాన్లో ఏసుకోని పోయినాడన్నా. నన్ను చూసి తల ఊపినాడు గానీ మాట్లాడలేదు" అని. నేను ఉరికి పోయి చూసినా. కొత్తగా తిరగేసిన మట్టి. సిలువ లేదు.

ఊరి దాకా వచ్చినావు. మా ఇల్లు ఎంత దూరం? గడప తొక్కకపోతివి. పచ్చి మంచినీళ్ళు తాగకపోతివి. చెప్పి ఉంటే మేమూ వచ్చి పక్కన నిలబడి ఉందుము గదా. అక్క మీద మాకేం హక్కు లేదా? రెబెకా రెండు రోజులు కూడు ముట్టలేదు. "మనం ఏం తప్పు చేసినామని ఇంత పరాయోళ్ళను చేసినాడు" అని ఒకటే ఏడుపు.

సరే. నీ భార్య, నీ ఇష్టం. నేను అడ్డం చెప్పేవాణ్ణి కాదు. చేను రిజిస్ట్రేషన్ చేసిచ్చేసినా. ఇంక ఆ నేలతో నాకు సంబంధం తీరిపోయింది. ఇప్పుడు బస్సులో పోతే ఆ పక్కకు తల గూడా తిప్పను.

శాంసన్

నంద్యాల,
అక్టోబరు 12.

శాంసన్‌కు, రెబెకాకు,

వందనాలు. మీ ఊరికి వచ్చి మీ ఇంట అన్నం తినకుండా వెళ్ళడం తప్పే. ఒప్పుకుంటున్నాను. ఖాజా చూసిందంతా నిజం. మీకు ముందుగా చెప్పాల్సింది. మే నెల ఉత్తరం తర్వాత మీ గడప ఎక్కడానికి నాకు మొహం చెల్లలేదు. ఆ పని మాత్రం నేను చేయాల్సిందే. ఆమె అట్లా ఉండగా చూసి ఊరుకోలేకపోయాను.

రెబెకాకు బాధపడొద్దని చెప్పు. ఆమె వంట మీద కోపం తెచ్చుకునేవాడు ఎవడూ లేడు.

పోయిన వారం స్నానాలగదిలో జారి పడ్డాను. కాలికి కట్టు కట్టారు. జనవరి దాకా గడప దాటొద్దన్నారు. ఈ ఇల్లు కొన్నవాళ్ళు మంచివాళ్ళు. అంతవరకు ఉండమన్నారు. పక్కింటి రహీమున్నీసా గారు క్యారియరు పంపుతున్నారు. గోంగూర ఎక్కువ వేస్తారు.

జనవరిలో సంవత్సరం ప్రార్థన. పాస్టరు జాన్ గారు వస్తానన్నారు. మీరిద్దరూ తప్పకుండా ఉండాలి. పాత మాటలు అక్కడ వదిలేద్దాం.

ఎడ్విన్

ఆళ్ళగడ్డ,
జనవరి 4, 2025.

బావకు కొత్త సంవత్సరం వందనాలు.

కాలు ఎట్లుంది? నువ్వు తప్పు ఒప్పుకున్యాక మాకు కోపమెందుకు. రెబెకా ఆ జాబును బైబిల్లో పెట్టుకునింది. "అన్న అంత మాట రాసేటోడు కాదు, రాసినాడంటే లోపల ఎంత ఉందో" అంటాది.

ప్రార్థనకు ఇద్దరం వస్తాం. బంతిపూలు, కొవ్వొత్తులు మేమే తెస్తాం. రెబెకా నువ్వులుండలు చేస్తాంది, అక్కకు ఇష్టమని. ముందు రోజే నంద్యాలలో దిగుతాం.

నువ్వు అక్కను ఆడ యాడ పెట్టినావో జాగా మాత్రం రాయి. పాత శ్మశానంలో చోటు లేదంటివి గదా, కొత్తది ఏమన్నా ఇచ్చినారా? ఆటో వానికి ఏమని చెప్పాల? నిన్ను కుంటికాలితో బస్టాండు దాకా తిప్పడం ఎందుకు, నేరుగా ఆడికే వస్తాం.

నీ బామ్మర్ది
శాంసన్

నంద్యాల,
జనవరి 8.

శాంసన్,

నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. నువ్వు ఏమి రాశావో నీకు తెలుసా.

నేను ఆమెను ఎక్కడికీ తీసుకురాలేదు.

సెప్టెంబరు వానలకు మట్టి కుంగింది. దిబ్బ పోయి గుంత పడి, నీళ్ళు నిలిచాయి. చూసి తట్టుకోలేకపోయాను. మనుషుల చేత నీళ్ళు తోడించి కొత్త మట్టి ఎత్తించాను. శిలువ మీద పేరు వానకు చెరిగిపోయింది. మళ్ళీ రాయించడానికి తీసుకొచ్చాను. పెయింటరు ఎడ్వర్డ్ దగ్గర ఉంది. కాలు విరగకపోతే పోయిన నవంబరులోనే తెచ్చి పాతేవాణ్ణి. చేసింది అంతే.

ఆమె నీ చేనులోనే ఉంది. వెళ్ళి చూడు. ముస్తఫాకు ఫోన్ చేస్తుంటే ఎత్తడం లేదు.

నువ్వు ఆ మూల గురించి వాళ్ళతో ఏమన్నావు?

ఎడ్విన్

ఆళ్ళగడ్డ,
జనవరి 13.

బావా,

ఎట్లా రాసేది. రెబెకాను రాయమంటే నా వల్ల కాదనింది. నేనే రాస్తాండా. అక్షరాలు వంకర్లు పోతే ఏమనుకోవద్దు.

నేనే చెప్పినా బావా. నా నోటితోనే చెప్పినా. ఖాజా మాట ఇని, మట్టి చూసి, నువ్వు పెట్టె తీసుకపోయినావనుకున్యా. మొదట్నుంచి నీకు అక్కను నీ దగ్గరే పెట్టుకోవాలనుంది గదా, ఇల్లు గూడా అమ్మినావు, ఇదీ నాకు చెప్పకుండా చేసినావనుకున్యా. రోషమొచ్చింది. రిజిస్ట్రేషన్ నాడు ముస్తఫా అడిగినాడు, "అన్నా, ఆ మూల సంగతేంది?" అని. "ఖాళీ అయింది. ఆడ ఎవురూ లేరు. మీ ఇష్టమొచ్చినట్ల చదును చేసుకోండి" అంటి. వాడు రెండుసార్లు అడిగినాడు బావా. రెండుసార్లూ అదే చెప్పినా.

నీ జాబు అందినాక లుంగీ మీదనే ఉరికినా. గేటు కాడ వాచ్‌మన్ నిలబెట్టినాడు.

"ఎవురు నువ్వు? మెంబరా?"

"మా అక్క ఉంది ఈడ. చూడాల."

"ఏ విల్లాలో ఉంటాది?"

ఆ పిల్లోని తప్పేం లేదు. చెప్పినాక వాడే టోపీ తీసి లోపలికి తోడుకపోయినాడు.

బావా, అది మన చేను కాదు. గట్టు లేదు. బోరు లేదు. చేను యాడ మొదలయ్యేదో నేను కనుక్కోలేకపోయినా. ఆ నేలలో పుట్టి పెరిగినోణ్ణి, కండ్లు మూసుకోని నడిచేటోణ్ణి. రేగడి మట్టిలో ఆ గడ్డి పెరగదంట. నల్లమన్నంతా గోకి టిప్పర్లలో తోలేసినారంట. ఎర్రమన్ను పోసినారు. ఒకకాడ గుట్ట మాదిరి లేపినారు, ఒకకాడ చెరువు మాదిరి తవ్వినారు. పైన గడ్డి చాపలు చుట్టుకోనొచ్చి పరిచినారు. అంతా ఒకటే పచ్చదనం. ఆ మూల గుట్ట కిందుందా, చెరువులో పోయిందా, టిప్పర్లో పోయిందా, అడిగితే ఎవురికీ తెలీదు. ఆ మట్టి ఎవురెవురి తోటల్లో పడిందో గూడా తెలీదు. ముస్తఫా వచ్చి నా చేతులు పట్టుకోని ఏడ్సినాడు. "సార్‌కు నేను యా మొహంతో చెప్పేదన్నా" అన్యాడు.

చీకటి పడేదాకా చెప్పులిడ్సి ఆ గడ్డి మీద తిరిగినా. కాళ్ళకు ఏమన్నా తెలుస్తాదేమోనని. ఏం తెలీలేదు.

బయటికొస్తాంటే ఆ వాచ్‌మన్ నీ ఇల్లు చూపించినాడు. వరసలో కొసది. దాని వెనక కిటికీ చూసినా, సూటిగా మన చేనుండిన పక్కకే ఉంది. అప్పుడు అర్థమైంది బావా నువ్వు ఆ ఇల్లు ఎందుకు కొన్నావో. గోల్ఫు కట్టె కొనుక్కున్నావా అని రాసిన చెయ్యి ఇది.

ప్రార్థన యాడ చేద్దాం? చర్చిలో చేద్దామా? రెబెకా నువ్వులుండలు చేసి పెట్టింది. తీసుకరమ్మంటావా, వద్దా?

నన్ను ఏమన్నా తిట్టు. తిట్టకుండా మాత్రం ఉండొద్దు.

శాంసన్

నంద్యాల,
జనవరి 17.

శాంసన్,

నిన్ను తిట్టడానికి నా దగ్గర మాట లేదు. తప్పు ఎవరిదని ఇంకెప్పుడూ రాయకు. ఆ లెక్క నేను చేయను, నువ్వూ చేయకు.

ముస్తఫా వచ్చాడు. కంపెనీతో మాట్లాడి ఆ విల్లా డబ్బు వాపసు ఇప్పిస్తానన్నాడు. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు. నాకు ఇంకో ఇల్లు లేదని చెప్పాను. ఈ ఇల్లు కొన్నవాళ్ళ సామాను లారీ రేపు మధ్యాహ్నం వస్తుంది. వాళ్ళకు చిన్నపిల్ల ఉంది, సానియా అని. నిన్న వచ్చి గచ్చు మీది ముగ్గు అచ్చుల మీద కాళ్ళు పెట్టి ఆడుకుంది. ఆడుకోనిచ్చాను.

తవ్వి చూడమని కంపెనీని అడుగుదామా అని రెబెకా ముస్తఫాతో అడిగించింది. ఎక్కడ తవ్వమని అడగాలి? ఆమె అక్కడ ఉందని నేను అనలేను. లేదని కూడా అనలేను. ఆ రెంటి మధ్య తవ్వడానికి చోటు లేదు.

ప్రార్థన చర్చిలో వద్దు. పాస్టరు గారికి చెప్పేశాను. సమాధి లేని ప్రార్థనలో నేను నిలబడలేను. నువ్వులుండలు పంపు. తింటాను.

ఎడ్వర్డ్ శిలువ తెచ్చిచ్చాడు. బాగా రాశాడు. పేరు కింద కీర్తన నూట పదిహేడు రెండు వచనాలూ పట్టాయి. పొట్టిది కదా. గడ్డిలో ఏదీ పాతకూడదని కంపెనీ నిబంధన ఉందట. ముస్తఫా తల వంచుకుని చెప్పాడు. నేను పాతనని చెప్పాను. తప్పుచోట పాతడం కంటే పాతకపోవడమే నయం.

ఈ ఉత్తరం నీకు చేరేసరికి నేను ఆ ఇంట్లో ఉంటాను. ఇప్పుడే రావొద్దు. నేను పిలుస్తాను.

రేపు ఉదయం వ్యాను వస్తుంది. ముస్తఫా తాళాలు ఇస్తాడు. శిలువను వెనకగదిలోకి మోయించి గోడకు ఆనిస్తాను. కుర్చీ వేసుకుంటాను. కిటికీ తెరుస్తాను. బయటంతా పచ్చగా ఉంటుంది. ఎటు చూడాలో నాకు తెలియదు. తెరుస్తానని ఆమెకు చెప్పాను కాబట్టి తెరుస్తాను.

ఎడ్విన్